సారె లేని కుమ్మరం

నికోబార్ దీవుల్లో, తెరెస్సా దీవికి వాయవ్యంగా చౌరా అనే చిన్న దీవి ఉంది. విస్తీర్ణం సుమారు 8 చదరపు కిలోమీటర్లు. చుట్టుపక్కల దీవుల్లోని నికోబారీల ఇళ్లకు తరతరాలుగా మట్టి కుండలు వచ్చింది ఇక్కడి నుంచే. వాటిని చేసేది స్త్రీలు. మట్టి పిసకడం మొదలు కాల్చడం దాకా పని అంతా వారిదే. తెలుగునాట సారె తిప్పేది మగవాడు, మట్టి సిద్ధం చేయడంలో ఆడవారి చెయ్యి ఉంటుంది. చౌరాలో అసలు సారే లేదు.

విచిత్రమేమంటే, ఆ దీవిలో కుండకు పనికివచ్చే మట్టి కూడా లేదు. దోనెల మీద తెరెస్సా నుంచి తెచ్చుకోవాలి. మట్టి ఉన్న తెరెస్సా వాళ్లు కుండలెందుకు చేయలేదన్న ప్రశ్నకు జవాబు ఒక కట్టుబాటులో ఉంది. నికోబార్‌లో చాలాకాలం అధికారిగా ఉన్న ఎడ్వర్డ్ హోరస్ మాన్ 19వ శతాబ్ది చివర దాన్ని నమోదు చేశాడు. కుండ చౌరాలోనే, స్త్రీల చేతనే పుట్టాలట. తప్పితే భూకంపమో, హఠాన్మరణమో తప్పదట. పొరుగు దీవికి చుట్టంచూపుగా వెళ్లి అక్కడ కుండ చేయబోయిన ఒక చౌరా స్త్రీ చనిపోయిందని కథ. మూఢనమ్మకమని కొట్టిపారేయవచ్చు గానీ, పంటభూమి తక్కువైన దీవికి ఈ భయమే అంగడిని నిలబెట్టింది.

పనితనం మాన్ వర్ణించిన తీరిది. రాళ్లూ రప్పలూ ఏరేసిన మట్టిలో సన్నని ఇసుక కలిపి మెత్తగా పిసుకుతారు. పలక మీద కొబ్బరాకులతో అల్లిన చుట్టకుదురు, దాని మీద లోతు తక్కువ పళ్లెం, పళ్లెంలో మట్టి అంటుకోకుండా అరటాకు ముక్క. ముందు ముద్దతో అడుగు దిద్దుతారు. తర్వాత మట్టిని తాళ్లలా పేని, వరస మీద వరస పేరుస్తూ, కుండను చేత్తోనే తిప్పుతూ గోడ లేపుతారు. గుండ్రతనానికి కొలత కన్నూ వేళ్లూ మాత్రమే. ఒకటి రెండు రోజులు ఆరాక బోర్లించి, లోపలి అదనపు మట్టిని ఆల్చిప్పతో, బయటిదాన్ని వెదురుబద్దతో గీకి, తడివేళ్లతో నునుపు చేస్తారు.

కాల్చేందుకు ఆవం కట్టరు. పాత కుండపెంకులను నేలలో గుచ్చి, వాటిపై కుండను బోర్లిస్తారు. కింద బూడిద, కొబ్బరి చిప్పలు, పుల్లలు. బోర్లిన అడుగు మీద చక్రం లాంటి చట్రం పెట్టి, దానికి కట్టెలు ఆనిస్తారు. మంట కుండను తాకకూడదు, సెగ మాత్రం చుట్టూ పట్టాలి. ఇద్దరు స్త్రీలు చెరోవైపు నిలబడి కర్రలతో కట్టెలు సర్దుతుంటారు.

అసలు సొగసు ఆ తర్వాతే. ఎర్రగా కాలిన కుండను ఇసుకలో దించి, వేడి తగ్గకముందే పచ్చి కొబ్బరి డొక్క పట్టీలను అద్దుతారు. పులుపు రసం తగిలిన చోట నల్లటి చారలు పడతాయి. తడి పీచుతో రుద్దితే మిగతా ఒళ్లు రాగి రంగు తేలుతుంది. రంగు కొనే పనే లేదు.

అల్యూమినియం గిన్నెలు వచ్చాక ఈ కుండలకు రోజువారీ వంటలో చోటు తగ్గింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత చౌరా జనాన్ని తెరెస్సాకు తరలించారు. వారు అక్కడే స్థిరపడిపోలేదు. తిరిగి తమ దీవికే వచ్చారు.