మెర్రీలెగ్స్ భయం

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుందని మనకో సామెత. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని ఇంకొకటి. రెండూ జీను పైన కూచున్నవాళ్ళు కట్టినవే, అందులో సందేహం లేదు. జీను కింద వున్నదాన్ని అడిగితే ఏం చెప్పేదో!

అలా అడిగి రాసినట్టుగా వచ్చిన నవల 'బ్లాక్ బ్యూటీ'. 1877లో ఇంగ్లండులో అచ్చయింది. రచయిత్రి అన్నా సూయెల్. మొదటి ముద్రణ ముఖపత్రం మీద 'అసలు గుర్రపు భాషనుంచి అనువాదం' అని అర్థం వచ్చే మాట వేయించి, దాని పక్కన తన పేరు వేసుకున్నారావిడ. కథంతా గుర్రమే చెబుతుంది. పుట్టిన పచ్చికబయలు, మొదటి కళ్ళెం, మారిన యజమానులు, తగిలిన దెబ్బలు, అన్నీ.

మన ఇళ్ళలో దీనికి పిల్లల పుస్తకమన్న పేరు పడిపోయింది. బళ్ళో ఇంగ్లీషు నాన్‌డిటైల్డుగా చదివి, పరీక్ష రాసి, అటక మీద పడేసినవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం ఇది పెద్దవాళ్ళు, అందులోనూ సెలవులకి సముద్రపొడ్డుకి ప్రయాణం కట్టే ఇల్లాళ్ళు చదవవలసిన పుస్తకమనిపిస్తుంది. సముద్రానికీ దీనికీ ఏవిటి సంబంధమంటారా? వస్తున్నా.

విశాఖపట్నం ఆర్కే బీచ్ కానివ్వండి, చెన్నై మెరీనా కానివ్వండి, సాయంకాలమయ్యేసరికి ఇసకలో గుర్రం ప్రత్యక్షమౌతుంది. ముస్తాబు చేసి నిలబెడతారు. పక్కన పగ్గం పట్టుకుని ఒక కుర్రాడు. ముందు పిల్లవాడు మారాం చేసి ఎక్కుతాడు. వాడు దిగాక వాళ్ళమ్మకీ సరదా పుడుతుంది. కుచ్చెళ్ళు ఎలా సర్దుకోవాలో తెలీక, ఎవరేమనుకుంటారోనని అటూ ఇటూ చూస్తూ ఆవిడ సందేహిస్తూంటే ఆ కుర్రాడు ధైర్యం చెబుతాడు: "ఏటీ సెయ్యదమ్మా, శానా మంచిది. ఎవరెక్కినా ఊరుకుంటాది."

ఈ యోగ్యతాపత్రం దగ్గరే నాకు పేచీ. ఇలాంటిదే మనం మరోచోట కూడా వింటూంటాం. "మా కోడలెంత మంచిదో, ఏమన్నా పడి వుంటుంది" అని. మంచితనమూ నోరెత్తకపోవడమూ ఒకటేనన్నట్టు మాట్లాడే అలవాటు మనకి గుర్రాల దగ్గర మొదలైందో, మనుషుల దగ్గర మొదలైందో!

అన్నా సూయెల్‌కి ఆ రెండింటికీ తేడా తెలుసు. తొమ్మిదో అధ్యాయం తీసి చూడండి. మెర్రీలెగ్స్ అనే పొట్టి గుర్రం కథ అది. బొద్దుగా, ముద్దుగా వుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు సవారీ నేర్చుకునేది దానిమీదే. ఒకరోజు మత గురువుగారి పిల్లలు ఆడుకోడానికి వస్తారు. చిన్నవాళ్ళు రెండు గంటలసేపు దాన్ని తిప్పుతారు. తరవాత పెద్ద మగపిల్లలు వంతులు వేసుకుని, తలో బెత్తమూ విరుచుకుని, ఇంకో గంట తోటంతా పరిగెత్తిస్తారు. మెర్రీలెగ్స్ ఓర్చుకుంటుంది. ఇక చాలన్నట్టు రెండు మూడుసార్లు ఆగి చూపిస్తుంది. అర్థం చేసుకోరు. అప్పుడు అది కోపం లేకుండా, తాపీగా, వెనక కాళ్ళమీద లేచి నిలబడుతుంది. బెత్తం పట్టుకున్న కుర్రాడు వెనకనించి జారి కింద పడతాడు. వాడు మళ్ళీ ఎక్కి మళ్ళీ కొడితే మళ్ళీ అదే చికిత్స. కరవలేదు, తన్నలేదు.

మరి ఇంటి ఆడపిల్లల్ని కూడా అలాగే పడేస్తావా అని బ్యూటీ అడిగితే మెర్రీలెగ్స్‌కి ఎంత పౌరుషమొస్తుందో! ఆ పిల్లలకి సవారీ నేర్పేది తానేనట. వాళ్ళు భయపడినట్టో, కుదురు తప్పినట్టో తోస్తే పిట్టని పట్టబోయే పిల్లిలా అడుగు చప్పుడు కాకుండా నడుస్తుందట. కుదురుకున్నారనిపించాక, అలవాటు కావడం కోసం, కాస్త వేగం పెంచుతుందట. తనకన్నా మంచి గురువు వాళ్ళకి దొరకడంటుంది.

కొత్తగా గుర్రమెక్కేవాళ్ళకి పాఠమెలా చెప్పాలో ఇంత చిన్న చోట ఇంత బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. సాధు స్వభావమంటే మొద్దుతనం కాదు. పైన కూచున్నది భయపడే పిల్లో, బెత్తం పట్టిన కుర్రాడో వీపుతోనే కనిపెట్టి, ఒకరికొకలా ఇంకొకరికొకలా నడుచుకోవడం. అది పాండిత్యం. "ఎవరెక్కినా ఊరుకుంటుంది" అంటే ఆ పాండిత్యాన్ని అవమానించడమే.

అంతటితో ఆగితే అది ముచ్చటైన పిల్లల కథ. రచయిత్రి ఆగలేదు. పక్కనే వున్న జింజర్ అనే ఆడగుర్రం, తానైతే ఆ కుర్రాళ్ళని బాగా తన్ని వుండేదానినంటుంది. దానికి మెర్రీలెగ్స్ జవాబు చూడండి. తన్నితే యజమానికి కోపమొస్తుంది, వెంటనే అమ్మేస్తారు. ఏ కసాయి కొట్టు కుర్రాడి చేతిలోనో పడతాను. లేకపోతే ఏ సముద్రతీరపు ఊళ్ళోనో, ఎంత వేగంగా పరిగెత్తగలనో తప్ప నా సంగతి ఇంకేమీ పట్టనివాళ్ళ కింద, చచ్చేదాకా చాకిరీ చేయవలసి వస్తుంది అంటుంది.

సముద్రతీరం! మనకి సెలవులు, దానికి పీడకల. అన్నా సూయెల్ ఆ మాట ఊరికే వేయలేదు. ఆవిడ 1820లో పుట్టిన గ్రేట్ యార్మత్ సముద్రపొడ్డు ఊరే. తరవాత కొన్నేళ్ళున్న బ్రైటన్ అయితే సెలవులకొచ్చే జనానికి పెట్టింది పేరు. అక్కడి అద్దె గుర్రాల్ని ఆవిడ చూడకుండా వుంటారా? పధ్నాలుగో ఏట బడినుంచి వస్తూ జారిపడి మడమలు దెబ్బతిన్న తరవాత ఆవిడ జన్మంతా సరిగా నడవలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రపు బండే. తన కాళ్ళకి బదులుగా నడిచిన జంతువు గురించి, 1871 నుంచి 1877 దాకా, ఎక్కువ భాగం మంచంలోనో సోఫాలోనో వుండి, తల్లి సాయంతో ఈ ఒక్క నవలా రాశారు. అది వెలువడిన కొద్ది నెలలకే 1878లో పోయారు.

ఇరవయ్యెనిమిది, ఇరవైతొమ్మిది అధ్యాయాల్లో మెర్రీలెగ్స్ భయం బ్యూటీకి నిజమౌతుంది. మోకాళ్ళమీద మచ్చలు పడ్డ బ్యూటీని బాత్ పట్నంలో గుర్రాల్ని అద్దెకిచ్చే ఆయనకి అమ్మేస్తారు. అంతవరకూ దాన్ని తోలినవాళ్ళకి కనీసం తోలడం వచ్చు. ఇక్కడ ఎవరు డబ్బిస్తే వాళ్ళదే పగ్గం. కొందరు పగ్గాలు బిగించి పట్టుకుని, వాటిని లాగుతూంటేనే తాము పడిపోకుండా వున్నామనుకుంటారు. కొందరు పూర్తిగా వదిలేస్తారు. ఇంకొందరికి గుర్రం ఒక చిన్న సైజు రైలింజను: డబ్బిచ్చాం గనక, ఎంత దూరమంటే అంత దూరం, ఎంత బరువంటే అంత బరువు లాగి తీరాలి.

ఒక సంసారం భార్యా పిల్లలతో షికారు బయల్దేరుతుంది. దారిలో గుర్రం గిట్టలో రాయి దిగబడుతుంది. అది కుంటుతున్నా ఆయన కబుర్లూ నవ్వుల్లో వుండి గమనించడు. గమనించాక, "మనకి కుంటిగుర్రాన్ని అంటగట్టారు చూశావా!" అని కోప్పడతాడు. చివరికి దారిన పోయే రైతు ఒకాయన దిగి, కాలెత్తి చూసి, రాయి తీస్తాడు. గుర్రాల కాళ్ళలో రాళ్ళు దిగుతాయని ఇంతవరకూ తెలీదే అంటాడు పెద్దమనిషి. ఆ భార్య నోట ఏ మాటా వినబడదు. ఆవిడకి కనబడలేదా, కనబడినా ఊరుకుందా? రచయిత్రి చెప్పివుంటే బావుండేదని చదివినప్పుడల్లా అనుకుంటాను.

ఇప్పుడు మళ్ళీ మన ఇసకలోకి రండి. కొత్తగా గుర్రమెక్కినవాళ్ళు ఎవరైనా మొదట చేసేది, భయానికి పగ్గం లాగిపట్టుకోవడం. కళ్ళెపు ఇనుము వుండేది గుర్రం నోట్లో పళ్ళు లేని సందులో, మెత్తని చిగురు మీద. మనం లాగిన ప్రతిసారీ బాధ అక్కడ. అందుకే తెలిసినవాళ్ళు కొత్తవారి చేతికి ముందు పగ్గమివ్వరు. జీను ముందుభాగమో, మెడకి కట్టిన పట్టీయో పట్టుకోమంటారు. మడమలు కిందికి దించమంటారు, చూపు గుర్రం చెవుల మీదినుంచి దూరానికి నిలపమంటారు. కాలికి తగ్గట్టు రికాబు పొడుగు సరిచేస్తారు. నీళ్ళంచున తడిసి గట్టిపడ్డ ఇసకమీద నడిపిస్తారు; పొడి ఇసకలో కూరుకుపోయే అడుగు కాళ్ళ నరాల్ని పీకుతుంది. బరువు సంగతి కూడా చూస్తారు. గుర్రం బరువులో సుమారు ఐదోవంతు, అదీ జీనుతో కలిపి, మించకూడదని జాగ్రత్తపరుల లెక్క. మూడు వందల కిలోల గుర్రానికి అరవై కిలోలన్న మాట. (ఇది చదివి ఎవరూ నొచ్చుకోవద్దు. నేనూ ఆ లెక్కలో నెగ్గను.)

వీటిలో ఏదీ జరగకుండా మనల్ని గుర్రమెక్కించి, నాలుగడుగులు నడిపించి, ఫోటో తీసి దింపేస్తే దాన్ని సవారీ అనడం ఎందుకు? అది గుర్రపు ఆకారంలో వున్న కుర్చీ. పగ్గం పట్టిన కుర్రాణ్ణి నేనేమీ అనను. వాడి కూలి ఎంతమందిని ఎక్కించాడన్నదాని మీద వుంటుంది. మెర్రీలెగ్స్‌లా మన భయం తీరేదాకా ఆగితే వాడికి పొయ్యిలో పిల్లి లేవదు. ఇంగ్లండులోనే బ్లాక్‌పూల్ అనే సముద్రతీరంలో, సెలవులకొచ్చిన పిల్లల్ని మోసే గాడిదలకి 1942లో నియమాలు పెట్టారు. ఉదయం పదినుంచి సాయంత్రం ఏడుదాకానే పని, మధ్యలో గంటసేపు భోజనానికి విరామం, శుక్రవారం సెలవు. గాడిద అనగానే నవ్వకండి. మనలో ఎంతమందికి వారానికో రోజు సెలవుంది?

మనం పెరిగింది కత్తి కాంతారావు జానపద చిత్రాలు చూస్తూ. అక్కడ హీరో గుర్రమెక్కడమే తప్ప నేర్చుకోవడం వుండదు. 1979లో వచ్చిన 'ది బ్లాక్ స్టాలియన్'లో నేర్చుకోవడమైతే వుంది. నిర్మానుష్యమైన సముద్రతీరంలో ఒక కుర్రాడు నల్లగుర్రాన్ని మచ్చిక చేసుకుని, జీనూ కళ్ళెమూ లేకుండా అలల్లో ఎక్కుతాడు. కళ్ళు చెదిరే అందం. అయితే ఆ గుర్రం అద్దెకి పోయేది కాదు. ఆ కుర్రాడి తరవాత ఇంకొకరు వరసలో నిలబడి లేరు. అద్దె గుర్రం మాట పట్టించుకున్నది అన్నా సూయెలే.

ఆవిడతోనూ నాకు ఒక తగువుంది. మొదటి అధ్యాయంలోనే తల్లి గుర్రం పిల్లకి బుద్ధులు చెబుతుంది. మెత్తగా మంచిగా పెరగమనీ, మనసుపెట్టి పని చేయమనీ, ఆటకైనా కరవొద్దనీ తన్నొద్దనీ. చదువుతూంటే అప్పగింతలప్పుడు మన పెద్దవాళ్ళు చెప్పే మాటలు చెవిలో పడతాయి. ఆ బుద్ధులు విన్న బ్యూటీకి, అన్ని కష్టాలూ పడ్డాక, ఆఖరికి చల్లని నీడ దొరుకుతుంది. చిన్నప్పుడు మొరటు చేతుల్లో పడి కరవడం నేర్చుకున్న జింజర్ లండన్ బాడుగ బండికి కట్టబడి, బక్కచిక్కి, చనిపోతుంది. జింజర్ తిరగబడటానికి కారణమేమిటో రచయిత్రికి తెలుసు, మనకి వివరంగా చెప్పారు కూడా. అయినా బహుమానం మాత్రం ఓర్చుకున్నదానికే ఇచ్చారు. బ్యూటీ కంటే జింజరే నాకు ఎక్కువ గుర్తుంటుంది. నా స్నేహితురాళ్ళలో ఈ పుస్తకం చదివినవాళ్ళందరూ కూడా ఇదే అన్నారు.

ఇక మెర్రీలెగ్స్ భయం ఏమైందంటారా? దాన్ని మత గురువుగారికే ఇచ్చేస్తారు, ఎన్నటికీ అమ్మకూడదన్న షరతు మీద. పని చేయలేని రోజు వస్తే కాల్చి పాతిపెట్టాలి గాని అమ్మకూడదు. ఒక గుర్రానికి దక్కగల పెద్ద అదృష్టం ఇదేనన్నట్టు, ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి సాగిపోతారావిడ. నాకైతే అక్కడ పుస్తకం మూసి కాసేపు కూచోవాలనిపిస్తుంది.

మా ఇంట్లో పిల్లలకోసం కొన్న సంక్షిప్త ప్రతి ఒకటుంది. అందులో అగ్నిప్రమాదముంది, తుఫానురాత్రి వంతెన వుంది, జింజర్ చావు కూడా వుంది. అద్దె గుర్రం అధ్యాయాలు రెండూ లేవు. మెర్రీలెగ్స్ కుర్రాళ్ళని పడేయడం వుంది గాని, సముద్రతీరం మాట కత్తిరించేశారు. గుర్రాన్ని అద్దెకి తీసుకునేవాళ్ళు మనమే కదా, మన గురించి రాసినది మాత్రం తీసేశారన్న మాట.

అంచేత కొనేటప్పుడు పూర్తి పుస్తకమే అడగండి. మొత్తం నలభై తొమ్మిది అధ్యాయాలు, చిన్నచిన్నవి, రైల్లో చదువుకోవచ్చు. పిల్లలకి చదివి వినిపించేటట్టయితే గిట్టలో రాయి దిగిన చోట మాత్రం ఆపకండి. ఆ రైతు వచ్చేదాకా వాళ్ళు నిద్రపోరు.