నేల మీది బంతి

లాక్రోస్ మైదానంలో పదే పదే వినిపించే కేకలు మూడు: "బాల్!", "మ్యాన్!", "రిలీజ్!". బంతి ఎవరి కర్ర చివరి వలలోంచో జారి గడ్డిలో పడిందనుకుందాం. దాని మీదికి మనవాళ్లిద్దరు, ఎదుటి జట్టువాడొకడు పరుగెత్తుతున్నారు. మనవాళ్లలో ఒకడు "బాల్" అని అరుస్తాడు, బంతి నేను తీస్తానని. రెండోవాడు "మ్యాన్" అంటాడు. వాడికి ఇక బంతితో పని లేదు. ఎదుటివాడికి ఒళ్లు అడ్డుపెట్టి, ఆ తాకిడి తాను కాచుకుని, పక్కవాడికి దారి చేస్తాడు. బంతి వలలోకి రాగానే తీసినవాడు "రిలీజ్" అని కేకేయాలి. ఆ మాట చెవిన పడగానే అడ్డం తొలగాలి, తొలగకపోతే తప్పిదం. ఇదంతా రెండు మూడు సెకన్ల వ్యవహారం. ఆ తర్వాత బంతి నలుగురి చేతులు మారి గోల్ అయితే చప్పట్లన్నీ గోల్ కొట్టినవాడికే. బంతి తీసినవాడికి స్కోరు పుస్తకంలో గ్రౌండ్ బాల్ కింద ఒక గీత పడుతుంది. "మ్యాన్" అన్నవాడికి ఆ గీత కూడా ఉండదు.

పిల్లల ఆటల దగ్గర శీలం, పట్టుదల అనే మాటలు పెద్దల నోట ఎప్పుడూ ఉంటాయి. లాక్రోస్ మీద నాకు గౌరవం పెరిగింది మాత్రం ఆ రెండో కుర్రాడి వల్ల. పదేళ్ల పిల్లవాడు తనకేమీ దక్కని పనికి తనంతట తాను పేరు పెట్టుకుని, గొంతెత్తి చెప్పి, చేసి చూపించే ఆటలు ఎన్ని ఉంటాయి? చిన్న వయసు విభాగాల్లో గుద్దడానికి వీల్లేదు, నిలబడి చోటు కాచుకోవడమే. అమ్మాయిల ఆటలో ఏ వయసులోనూ గుద్దనివ్వరు. అయినా నేల మీది బంతి కోసం అందరికంటే ముందు వంగేదెవరన్నదే అన్ని విభాగాల్లోనూ కోచ్‌లు మొదట చూసేది.

ఆ వంగడం చూసినంత సులువు కాదు. బంతి గట్టి రబ్బరుది, బరువు 140 గ్రాముల పైచిలుకు. కర్రను నిటారుగా పొడిస్తే ముందుకు దొర్లిపోతుంది. ఆగి, చూసుకుని, నింపాదిగా తీద్దామంటే వెనకనుంచి ఎవడో వచ్చి మీద పడతాడు. అందుకని పరుగు ఆపకుండానే మోకాళ్లు బాగా వంచి, కర్ర చివర పట్టుకున్న చెయ్యి దాదాపు గడ్డికి రాసుకునేంత దించి, బంతికి కాస్త ముందే వల అంచును నేలకు ఆనించి దూసుకుపోవాలి. బంతి వలలో పడ్డాక కూడా ఆ ఊపులోనే రెండడుగులు వెళ్లి, అప్పుడు కర్రను చెవి పక్కకు తెచ్చుకోవాలి. కొత్తగా చేరిన పిల్లలు నడుము వంచుతారుగానీ మోకాళ్లు వంచరు. అలసిపోయినప్పుడు పాతవాళ్లదీ అదే తంతు. నాలుగో క్వార్టర్‌లో మోకాళ్లు ఇంకా వంగుతున్నాయంటే ఆ పిల్ల లేక పిల్లవాడు నెలల తరబడి చేసిన కసరత్తు అక్కడ కనిపిస్తున్నట్టే.

ఆ కసరత్తులో ఎక్కువ భాగం ఎవరూ చూడనిది. వాల్ బాల్ అంటారు. బడి గోడో, గరాజ్ గోడో ఎంచుకుని, బంతి విసరడం, తిరిగొచ్చినదాన్ని వలలో పట్టడం. కుడిచేత్తో యాభై, ఎడమచేత్తో యాభై. రెండు చేతులూ సమానంగా లొంగకపోతే ఎదుటి డిఫెండర్ ఆ బలహీనపు వైపుకే తోస్తాడు కాబట్టి రాని చేతికే ఎక్కువ సాధన కావాలి. రాని చేత్తో మొదట్లో పది బంతుల్లో ఎనిమిది జారిపోతాయి. పట్టిన బంతి పరుగులో జారకుండా ఉండాలంటే మణికట్టునూ ముంజేతినీ కలిపి, ఒళ్లో పసిపిల్లను ఊపినట్టు, కర్రను అదే పనిగా లయగా తిప్పుతూ ఉండాలి. దీన్ని క్రేడ్లింగ్ అంటారు. చేతికి ఆ లయ అబ్బితే తల ఎత్తి మైదానం చూడవచ్చు. అబ్బకపోతే కళ్లు కర్ర మీదే ఉంటాయి, పక్కన ఖాళీగా ఉన్న స్నేహితుడు కనిపించడు.

నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన నియమం ఇంకొకటుంది. ఫుట్‌బాల్‌లో బంతి గీత దాటితే చివర ఎవరికి తగిలిందో చూస్తారు. లాక్రోస్‌లో గోల్ మీదికి కొట్టిన బంతి గురి తప్పి గీత దాటితే, దాటిన క్షణంలో దానికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ల జట్టుకే బంతి. అందువల్ల స్నేహితుడు గోల్‌కు కొడుతున్నప్పుడు ఇంకొకడు గోల్ వెనకాల సిద్ధంగా ఉండాలి. గురి తప్పగానే అందనిదని తెలిసిన బంతి వెంట కూడా ప్రాణం పెట్టి పరుగెత్తాలి. గోల్ పడితే వాడి పరుగుతో పని లేదు, పడకపోతే వాడే దిక్కు. తప్పిదం చేసినవాడు అర నిమిషమో, నిమిషమో, ఇంకా ఎక్కువో బయట కూర్చోవాలనే నియమం కూడా ఉంది. అంతసేపూ అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుతుంది. ఒకడి కోపం ఖరీదు మిగతావాళ్ల కాళ్లు చెల్లిస్తాయి.

ఈ ఆట వేర్లు ఈనాటి క్లబ్బులకన్నా చాలా వెనక ఉన్నాయి. ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలోనూ, కెనడాలోని ఒంటారియో, క్యూబెక్‌లలోనూ ఉన్న హోదెనొషోనీ ప్రజల ఆట ఇది. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల సమాఖ్య వారిది. యూరోపియన్లు ఇరొక్వా అన్నారు. సృష్టికర్త తమకిచ్చిన ఆట అని వాళ్ల నమ్మకం. ఊళ్లో ఎవరికైనా జబ్బు చేస్తే, లేదా జనం మనసులు బాగాలేకపోతే, ఔషధంగా ఈ ఆట ఆడతారు. జింక తోలు బంతి, చెక్క కర్రలు. ఇంతమందే ఉండాలని లెక్క లేదు. తాతలూ మనవలూ ఒకే ఆటలో దిగుతారు. ద్వేషం పెట్టుకుని కర్ర పట్టకూడదంటారు. మగపిల్లవాడు పుడితే చేతికి చిన్న కర్ర ఇవ్వడం, పోయినప్పుడు కర్రతోపాటు సాగనంపడం వాళ్ల ఆచారం. మంచం మీద ఉన్న ఇంకొకరి కోసం ఆడే ఆటలో "మ్యాన్" అని అరిచే కుర్రాడి పనికి వేరే సమర్థన అక్కర్లేదు.

ఆ కర్ర తయారీ చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. ఒనొండాగాకు చెందిన ఆల్ఫ్ జాక్ 1962లో, కర్ర కొనే స్తోమత లేక, తండ్రి లూ జాక్‌తో కలిసి సొంతంగా చేయడం మొదలుపెట్టి 2023లో కన్నుమూసేదాకా అదే పనిలో ఉన్నాడు. హికరీ చెట్టు మొద్దును నిలువునా చీల్చి, ఆవిరి పట్టి, చివరను వంచి, వంపు నిలిచేలా కట్టి నెలల తరబడి ఆరబెట్టాలి. ఆరాక రెండు పిడుల కత్తితో చెక్కి, రంధ్రాలు వేసి, తోలుతో వల అల్లాలి. మొత్తం దాదాపు పది నెలలు. చెట్టు ప్రాణం కర్రలోకి, కర్రలోంచి ఆటగాడిలోకి వస్తుందని వాళ్లు భావిస్తారు. 1970 ప్రాంతంలో ప్లాస్టిక్ తలకాయలు వచ్చాక చెక్క కర్రలు వెనకపడ్డాయి. ప్లాస్టిక్ చవక, తేలిక, వాటివల్లే ఆట లక్షలమంది పిల్లలకు అందింది. ఆ మేలు నేను కాదనను.

ఆట చరిత్రకొస్తే, 1867లో మాంట్రియల్ దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ ఆటకు నియమాలు రాశాడు. 1880 వచ్చేసరికి కెనడా సంఘం ఆ ఆటను ఇచ్చినవాళ్లనే పోటీల్లోంచి తప్పించింది. మూలవాసులు డబ్బు తీసుకుని ఆడుతున్నారన్నది సాకు. నూరేళ్ల తర్వాత, 1983లో, ఓరెన్ లయన్స్ తదితరులు ఇరొక్వా నేషనల్స్ అనే సొంత జాతీయ జట్టు పెట్టారు. 2010లో ఆ జట్టు మాంచెస్టర్‌లో ప్రపంచ పోటీకి బయల్దేరింది. హోదెనొషోనీ పాస్‌పోర్టును బ్రిటన్ అంగీకరించలేదు. అమెరికా, కెనడా పాస్‌పోర్టుల మీద వెళ్లే అవకాశం వాళ్లకు ఉంది. ఆ కుర్రాళ్లు వద్దన్నారు. ఏళ్ల సాధన న్యూయార్క్‌లోనే ఆగిపోయింది, టోర్నీ వాళ్లు లేకుండానే జరిగింది. 2014లోనూ 2018లోనూ తమ సొంత దేశం పేరుతోనే ఆడి ప్రపంచ పోటీల్లో మూడో స్థానం తెచ్చుకున్నారు. కట్టుబడటం గురించి పిల్లలకు చెప్పాలనుకునే కోచ్ ఎవరైనా సరే ఈ ఒక్క కథ చెబితే చాలు.

ఇక ఇప్పటి క్లబ్బులు. అమెరికాలో మేరీల్యాండ్, లాంగ్ ఐలండ్, న్యూజెర్సీ వంటిచోట్ల బడి జట్లతోపాటు ప్రైవేటు క్లబ్బులు నడుస్తాయి. ఎంపికలు, ఏడాది పొడవునా శిక్షణ, వేసవి అంతా టోర్నీలు, వేల డాలర్ల ఫీజులు. మంచి క్లబ్బులు ఉన్నాయి, వాటి మేలు పెద్దది. కానీ కాలేజీ సీటు ఆశ చూపించి పదమూడేళ్ల పిల్లల భుజాల మీద బరువు పెట్టిన కాలం కూడా ఈ ఆటకు ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఫలానా యూనివర్సిటీకి వస్తామని నోటిమాట ఇచ్చేసేవారు. చివరికి 2017 ఏప్రిల్‌లో కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ అడ్డుకట్ట వేసింది: పదకొండో తరగతి మొదలయ్యే ఏడాది సెప్టెంబర్ 1 దాకా కోచ్‌లు పిల్లలతో ఆ మాటే ఎత్తకూడదు. లెక్క చూసినా ఆ పరుగుకు అర్థం లేదు. 2025 దాకా కాలేజీల అగ్రశ్రేణి అయిన డివిజన్ 1లో మగపిల్లల జట్టుకు గరిష్ఠంగా 12.6 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే నలభైమందికి పైగా ఉండే జట్టులో ముక్కలుగా పంచేవారు.

దీనికి భిన్నంగా నడిచే పద్ధతీ ఉంది. న్యూయార్క్ హార్లెంలో మొదలైన హార్లెం లాక్రోస్ అనే సంస్థ తన మనిషిని పూర్తికాలం బడిలోనే ఉంచుతుంది. పొద్దున క్లాసులో పిల్లవాడు ఎలా ఉన్నాడో చూసేదీ, మధ్యాహ్నం హోంవర్కు దగ్గర కూర్చునేదీ, సాయంత్రం మైదానంలో ఈల వేసేదీ ఒకరే. రోజంతా తనను చూసినవాడు సాయంత్రం "ఇంకో పది గోడ బంతులు" అంటే పిల్లవాడు ఎందుకు కాదంటాడు?

2023 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోకి క్రికెట్‌తోపాటు లాక్రోస్‌నూ తీసుకుంది. జట్టుకు ఆరుగురు ఆడే సిక్సెస్ రూపంలో, ముప్ఫై సెకన్లలోపే గోల్‌కు కొట్టాలనే షాట్ క్లాక్‌తో. హోదెనొషోనీకి సొంత జాతీయ ఒలింపిక్ కమిటీ లేదు కాబట్టి వాళ్ల ఆటగాళ్లు అమెరికా, కెనడా తరఫునే ఆడాలన్నది అంతర్జాతీయ కమిటీ మాట. 2010 నాటి ప్రశ్నే మళ్లీ వాళ్ల ముందుకు వచ్చింది. సొంత జెండా కింద ఆడనివ్వడమే న్యాయమని నా అభిప్రాయం.

క్రికెట్ వల్ల మనవాళ్ల టీవీల్లోనూ ఆ ఒలింపిక్స్ మోగుతాయి, పనిలో పనిగా లాక్రోస్ కూడా కనిపిస్తుంది. న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో ఉన్న తెలుగు ఇళ్లలో పిల్లలు ఇప్పటికే బడి నుంచి కర్ర పట్టుకుని వస్తున్నారు. ఆ తల్లిదండ్రులకు నాదొక సూచన. క్లబ్బు ఫీజు కట్టేముందు టోర్నీకి వెళ్లకండి, ఒక మామూలు సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్లి గీత పక్కన నిలబడండి. బంతి జారవిడిచిన పిల్లవాడితో కోచ్ ఏమంటున్నాడో వినండి. మైదానంలో "మ్యాన్" అనే కేక వినిపిస్తోందా, ఆ కేక వేసినవాడిని కోచ్ పేరు పెట్టి మెచ్చుకుంటున్నాడా చూడండి. అయిపోయాక గోల్ పోస్టులు ఎవరు మోస్తున్నారో, ఎప్పుడూ అదే ఇద్దరు చిన్నవాళ్లా, అందరూనా, అదీ చూడండి. కాలేజీ సీట్ల సంగతి తర్వాత అడగవచ్చు.