మేత ముట్టని మాండరిన్

ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్లం నలుగురం కలిస్తే మాటలన్నీ నీళ్ల గురించే. ఉప్పు ఎంత, నైట్రేట్ ఎంత, మురికిని నురగగా లాగే స్కిమ్మర్ పనిచేస్తోందా లేదా. నీళ్లు బాగుంటే చేప అదే బతుకుతుందని మా ధీమా. మాండరిన్ ఫిష్ దగ్గర ఆ ధీమా చెల్లదు. నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా అది ఆకలితో చచ్చిపోతుంది.

చూస్తే వేలెడంత చేప. నీలం ఒంటి మీద నారింజరంగు వంకీలు, మొహం మీద పచ్చటి చారలు. చాలా చేపల్లో మనకు కనబడే నీలం వెలుగు చేసే మాయ. దీని చర్మకణాల్లో మాత్రం నిజంగానే నీలిరంగు పదార్థం ఉంది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇది చాలా అరుదు. పొలుసులు లేవు. వాటికి బదులు ఒళ్లంతా చేదు జిగురు, పైగా కంపు!

అడుగునే దీని కాపురం. పొట్టకింది రెక్కల మీద రాళ్లపై నడుస్తున్నట్టే కదులుతుంది. ఆగుతుంది. ఉబ్బుకళ్లు అటూ ఇటూ తిప్పి, మూతి సాచి, కోపీపాడ్ అనే నలుసంత నీటిజీవిని చటుక్కున పీలుస్తుంది. మళ్లీ రెండంగుళాలు జరుగుతుంది. పగలంతా ఇదే పని. రెండుపూటలా గుప్పెడు మేత వేసే మన అలవాటు దీనికి పనికిరాదు. కొత్త తొట్టిలో కోపీపాడ్స్ కొద్ది రోజుల్లోనే ఖాళీ అవుతాయి. పెల్లెట్ ఎదురుగా పడినా చాలావరకు ముట్టదు. మెల్లగా పొట్ట లోపలికి పోతుంది, తల వెనక వీపు సన్నబడుతుంది. రంగులు మాత్రం మెరుస్తూనే ఉంటాయి. కొన్నవాడు మోసపోయేది అక్కడే.

ఇది పడమటి పసిఫిక్ చేప. ఇండోనేషియాలోని బండా నెయిరా జెట్టీ కింద, పలావు దీవుల పగడపు దిబ్బల్లో పొద్దుగూకే వేళకు జంటలు కడుతుంది. మగదీ ఆడదీ ఒకదాన్నొకటి ఆనుకుని పైకి లేచి, గుడ్లు వదిలి, క్షణంలో కిందికి దూరిపోతాయి. ఆడచేపలు పెద్ద మగవాటినే కోరుకుంటాయి. అక్వేరియం వ్యాపారానికి కావలసిందీ ఆ పెద్ద మగవే. ఫిలిప్పీన్స్‌లో వీటిని సూదుల్లాంటి చిన్న బల్లేలతో గుచ్చి పట్టే జాలర్లున్నారు. అంత దూరం నుంచి తెచ్చి మన హాల్లో పస్తు పెట్టడం నాకు సబబుగా తోచదు.

తొట్టిలోనే పుట్టి, వేసిన మేతకు అలవాటుపడిన మాండరిన్లు ఇప్పుడు ఉన్నాయి. అడిగితే అవే అడగండి. లేదంటే కోపీపాడ్స్ పెరిగేలా రాళ్లు దండిగా ఉన్న పాత తొట్టి ఉంటేనే మాండరిన్ మాట ఎత్తండి. ఏదైనా సరే, షాపువాడి చేత మీ ఎదుటే మేత వేయించండి. తినకపోతే కొనకండి.