జాబితాలో లేని ఇళ్ళు

ప్రతి యేటా వానలు మొదలయ్యే ముందు పాత బస్తీలో ఒక కాగితం తిరుగుతుంది. మీ ఇల్లు శిథిలావస్థలో వుంది, ఖాళీ చేయండి, మరమ్మతు చేయించండి, లేదా కూల్చండి. ఇదీ దాని సారాంశం. కొన్నేళ్ళ కింద పత్తర్‌గట్టీ వెనక గల్లీలో మాకు బాగా తెలిసిన ఒక ఇంటికి అలాంటి కాగితమే వచ్చింది. ఆ ఇంటి పెద్దమనిషి ఉర్దూ మీడియంలో చదివినవాడు. కాగితంలో ఉర్దూ లేదు. "జర పఢ్ కే సునావ్ మియాఁ" అని మమ్మల్ని పిలిపించాడు. చదివి చెప్పాం. సున్నం పెచ్చులూడిన దాలాన్ గోడకు ఆనుకుని అంతా విన్నాడు. విని ఒకే మాట అడిగాడు: "ఇత్తే సాలాఁ మే కోయీ ఆకే పూఛా క్యా?" ఇన్నేళ్ళలో ఎవరన్నా వచ్చి అడిగారా అని.

ఆ ప్రశ్నకు మేము అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు రాయడానికి ప్రయత్నిస్తున్నాం.

పాత కట్టడాల గురించి మన సర్కారుకు రెండు భాషలున్నాయి. నవాబు కట్టించిన మహలు ముందు నిలబడితే 'వారసత్వం' అంటుంది. అదే నవాబు దగ్గర మున్షీగానో బావర్చీగానో పనిచేసినవాడి ఇంటి ముందు నిలబడితే 'శిథిలం' అంటుంది. రెంటికీ వాడింది ఈ నేల రాయే, ఈ నేల సున్నమే. రెంటినీ ఎత్తింది చెమటోడ్చిన కూలి జనమే. మరి ఏది వారసత్వం, ఏది శిథిలం అని తేల్చే అధికారం ఎవరిది? అది ఇంతకాలం ఎట్లా నడిచింది?

హైదరాబాదులో ఈ అధికారానికి చట్టరూపం వచ్చింది 1995లో. ఆ యేడు డిసెంబరులో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే హుడా, జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. అదే యేడు ముంబయి చేసుకున్న నిబంధనలు దీనికి నమూనా. జాబితాలో వున్న కట్టడాన్ని కూల్చాలన్నా, పెంచాలన్నా, దాని ముఖం మార్చాలన్నా ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. సలహా చెప్పడానికి హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ వుంటుంది. 1998లో జాబితా వెలువడింది. తర్వాత చేరినవి కూడా కలిపితే సుమారు 160 కట్టడాలు, ప్రాంతాలు. నగరంలోని బండరాళ్ళ గుట్టలకు కూడా అందులో చోటు దొరికింది.

ఆ నిబంధనను మేము తేలిక చేయడం లేదు. అంతకు ముందు ఏం జరిగిందో ఈ నగరానికి తెలుసు. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైంది దీవాన్ దేవిడీలోనే. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కొత్త భవనానికి పోయింది. వెనక మిగిలిన దేవిడీ ముక్కలై దుకాణాల కింద కలిసిపోయింది. అలాంటి ఊళ్ళో 'ఆగు, అడిగి ముట్టుకో' అన్న మాట చట్టంలో రాయించడం చిన్న పని కాదు. దాని కోసం పాటుపడ్డవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ వున్నారు, ఏ మతమూ పట్టనివాళ్ళూ వున్నారు. వాళ్ళకు మేము రుణపడి వున్నాం. అయినా విమర్శ విమర్శే.

మొదటి విమర్శ జాబితా మీద. అందులో మహళ్ళున్నాయి, దేవిడీలున్నాయి, మసీదులు, గుళ్ళు, ఆసుపత్రులు, కాలేజీలున్నాయి. పేరున్న ఇళ్ళున్నాయి. పేరులేని ఇళ్ళకు చోటు దాదాపు లేదు. సహన్ చుట్టూ నాలుగు గదులు, వీధివైపు మర్దానా, లోపల జనానా, నడుమ ఒక బావి, ఒక జామచెట్టు. ఇట్లాంటి ఇళ్ళు వేల సంఖ్యలో వుండి పాత బస్తీని పాత బస్తీ చేశాయి. ఒక్కొక్కటి విడిగా చూస్తే గొప్పదేమీ కాదు. అన్నీ కలిస్తేనే గల్లీ, గల్లీలన్నీ కలిస్తేనే మొహల్లా. జాబితా రాసేవాళ్ళు ముత్యాలు ఏరారు, దారాన్ని వదిలేశారు. ఫలితంగా ముస్లిం అంటే నవాబు, ముస్లిం చరిత్ర అంటే మహలు అన్న పాత అబద్ధానికి సర్కారు ముద్ర కూడా పడింది. మాలో నూటికి తొంభై మంది నవాబులం కాదు. మా తాతలు జట్కాలు తోలారు, గాజులు చేశారు, బీడీలు చుట్టారు. వాళ్ళ ఇళ్ళు చరిత్ర కాకుండా పోయాయి.

రెండో విమర్శ భారం మీద. కేంద్రం 2016లో రాష్ట్రాలకు పంపిన నమూనా భవన నిబంధనల్లో ఒక మాట స్పష్టంగా వుంది: వారసత్వ భవనానికి ఎప్పటికప్పుడు మరమ్మతులు చేయించడం యజమాని విధి, తన సొంత భవనాలకు తప్ప సర్కారుకు ఆ బాధ్యత లేదు. వినడానికి న్యాయంగానే వుంది. కానీ సున్నపు గోడను సున్నంతోనే బాగు చేయాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేదు, కొన్నేళ్ళకు పూత పెళ్ళలు పెళ్ళలుగా వూడి గోడను కూడా తినేస్తుంది. డంగు సున్నం తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం. దొరికితే కూలి భరించడం ఇంకా కష్టం. ఇంటికి పదిమంది వారసులు. ఒకడు జిద్దాలో, ఒకడు షికాగోలో, మిగిలినవాళ్ళు ఇక్కడే ఆటోలు నడుపుకుంటూ. కింద దుకాణం కిరాయిదారు ఇచ్చేది ఏనాటిదో కిరాయి. ఈ ఇంటివాడికి చట్టం 'ముట్టుకోవద్దు' అని చెప్పగలదు. 'ఎట్లా నిలబెట్టుకుంటావు?' అని అడగదు. అడగని చట్టం కింద ఇల్లు రెండు విధాలుగా పోతుంది. వానకు తనంతట తానే కూలుతుంది, లేదా రాత్రికి రాత్రి బిల్డర్ చేతిలో కూలుతుంది.

మూడో విమర్శ సర్కారు నడత మీద. ఉస్మానియా ఆసుపత్రి 1908 మూసీ వరద తర్వాత కొత్త నగరం కట్టుకునే ప్రయత్నంలో లేచిన భవనం. దాన్ని కూల్చి టవర్లు కడతామని 2015లో ప్రకటన వచ్చింది. జనం గొడవ చేస్తే ఆగింది. అదే యేడు డిసెంబరులో 13వ నిబంధననే ఒక్క జి.వో.తో తీసేశారు. 20 యేళ్ళ నిబంధన! 2017లో కొత్త వారసత్వ చట్టం చేశారు. 2019లో అసెంబ్లీ కోసం ఇర్రమ్ మంజిల్‌ను కూలుస్తామని మంత్రివర్గమే తీర్మానించింది. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. చిన్నవాడు కిటికీ మార్చుకోవాలంటే అనుమతి అడగాలి. పెద్దవాడు మహలే కూల్చాలనుకుంటే అనుమతి అడిగే నిబంధననే తీసేస్తాడు. ఇది పర్యవేక్షణ అవుతుందా?

ఇంకో చిత్రం చూడండి. చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1900లో తన బేగం కోసం కట్టించాడు. ఆస్తిపన్ను బకాయి కింద 1965లో మునిసిపాలిటీ దాన్ని తీసుకుంది. చాలా యేళ్ళు పాత బస్తీ మునిసిపల్ దఫ్తరు నడిచింది ఆ మహల్లోనే. వారసత్వ భవనంలో కూచున్న దఫ్తరుకు చుట్టూ గల్లీల్లో రోజూ మారుతున్న ఇళ్ళ ముఖాలు కనపడలేదంటే ఏమనుకోవాలి? 1981లో పాత బస్తీ కోసమే కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. సంస్థలు లేక కాదు మా గల్లీలు పోయింది.

ఇంతవరకు సర్కారును అన్నాం. ఇక మమ్మల్ని మేము అనుకోవాలి. 1948 పోలీసు చర్య, మరుసటి యేడు జాగీర్ల రద్దు. నౌకరీలు పోయినవాళ్ళు ఇళ్ళను ముక్కలు చేసి అమ్ముకున్నారు. అది ఆకలి. దాన్ని తప్పు పట్టం. ఆ తర్వాత గల్ఫ్ డబ్బు వచ్చింది. పాత కమాన్ కూల్చి షట్టర్ పెట్టుకోవడం మాకు ఇజ్జత్ అనిపించింది. సున్నం గోడ గరీబీకి గుర్తు, గ్రానైట్ పలక తరక్కీకి గుర్తు అనుకున్నాం. మా లీడర్లు ఓట్ల కోసం మొహల్లాలన్నీ తిరిగారు కానీ ఒక్క జల్సాలోనైనా సున్నం గురించి, మేస్త్రీ గురించి మాట్లాడిన గుర్తు మాకు లేదు. 'మా తహజీబ్' అని ముషాయిరాల్లో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళే మర్నాడు బిల్డర్‌తో అగ్రిమెంటు మీద సంతకం పెట్టారు. కూల్చినవాళ్ళలో మావాళ్ళూ వున్నారు. ఈ మాట మేమే చెప్పకపోతే ఇంకొకరు వేరే ఉద్దేశంతో చెబుతారు.

అయితే పాత ఇల్లు పాతగానే వుండిపోవాలని మేము అనడం లేదు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదం మరిచిపోయేది కాదు. కింద దుకాణాలు, పైన కాపురం. లోపలికి పోవడానికి ఇరుకు దారి, ఎక్కడానికి సన్నటి మెట్లు. ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు, అందులో చిన్నపిల్లలున్నారు. ఆ కుటుంబం ముస్లిం కాదు. అందుకే ఈ మాట ఇక్కడ రాయాలి. పాత బస్తీ ఒక్క మాది కాదు. తరాలుగా అక్కడే వుండి వ్యాపారం చేసుకుంటున్న అందరిదీ. ముఖద్వారం కమాన్ మీద బోర్డు ఎంత సైజు వుండాలో చెప్పే పర్యవేక్షణ, లోపల కరెంటు తీగ ఎట్లా వుందో, నిప్పంటుకుంటే దిగడానికి రెండో దారి వుందో లేదో చూడకపోతే ఏం లాభం? ఇంటి ముఖం కాపాడి ఇంట్లో మనుషుల్ని వదిలేయడం వారసత్వ రక్షణ కాదు. ఇరుకు మెట్లను సాకుగా చూపి గల్లీ మొత్తం కూల్చేయడమూ భద్రత కాదు.

ఇప్పుడు పాత బస్తీకి మెట్రో వస్తోంది. 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరిగింది. 2025 జనవరిలో గజానికి 81 వేల రూపాయల లెక్కన చెక్కులు పంచడం, కట్టడాలు కూల్చడం మొదలయ్యాయి. మెట్రో మాకు వద్దని మేము అనం. నగరమంతా తిరిగిన రైలు పాత బస్తీకి ఎందుకు రాలేదని ఇన్నాళ్ళూ అడిగింది మేమే. మతపరమైన, చారిత్రక కట్టడాలను ముట్టుకోకుండా కడతామని అధికారులు చెప్పారు. మంచిదే. అయితే ఇక్కడ కూడా పాత పంచాయితీయే. చారిత్రకమని పేరు పెట్టినవాటికి రక్షణ. పేరు పెట్టనివన్నీ 'ఆస్తులు'. ఆస్తికి ధర కడతారు, చెక్కు ఇస్తారు, ఫైలు మూస్తారు. పేరు పెట్టేటప్పుడు ఆ వీధివాళ్ళను ఎవరు కూచోబెట్టి అడిగారు?

అడిగి చేస్తే, ఓపికపడితే పని అవుతుందనడానికి నిదర్శనం దూరంలో లేదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ మురికిపట్టి, రేకులు కప్పుకుని ఎట్లా వుండేదో మా వయసువాళ్ళందరికీ గుర్తే. దాన్ని శుభ్రం చేసి, అతుకులు తీసేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. మ్యూజియం చేయలేదు. మార్కెట్ మార్కెట్‌గానే వుంది. రాయీ మిగిలింది, బేరమూ మిగిలింది. సర్కారు సొంత మార్కెట్‌కు చేయగలిగింది గరీబు ఇంటికి ఎందుకు చేయలేదన్నదే మా ప్రశ్న.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. జాబితా రాసే పని సచివాలయంలో కాకుండా వార్డులో మొదలు కావాలి. ఆ కమిటీలో ఆర్కిటెక్టు పక్కన ఇంటి యజమాని, కిరాయిదారు, సున్నం మేస్త్రీ కూచోవాలి. ఆడవాళ్ళు కూచోవాలి. ఎందుకంటే ఆ ఇళ్ళలో రోజంతా గడిపేది, ఏ గోడ ఎప్పుడు చెమ్మగిల్లిందో తెలిసింది వాళ్ళకే. 'వద్దు' అని చెప్పే ప్రతి నోటీసు వెనక 'ఎట్లా' అని చెప్పే మనిషి, మరమ్మతుకు కొంత డబ్బు వుండాలి. నోటీసు తెలుగులోనూ ఉర్దూలోనూ రావాలి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు కదా, ఆ ముచ్చట ఒక గోడ నోటీసులోనైనా తీర్చండి. ఇక అన్నిటికంటే ముఖ్యం, ఈ నియమాలకు సర్కారు భవనాలు కూడా లోబడాలి. ఒక ఇంటివాడు అడగాల్సిన అనుమతిని మంత్రివర్గం కూడా అడగాలి.

2014లో రాష్ట్రం వచ్చినప్పుడు ముద్ర మీద చార్మినార్ పెట్టారు. పదేళ్ళకు దాన్ని తీసేస్తారన్న మాట వస్తే ఊరంతా గొడవైంది. గొడవ చేసినవాళ్ళలో మేమూ వున్నాం. ముద్ర మీది చార్మినార్ కోసం అంత మాట్లాడిన మనం, ఆ మినార్ల నీడలో కూలుతున్న ఇళ్ళ కోసం అందులో సగమైనా మాట్లాడి వుంటే బాగుండేది.

ఆ పెద్దమనిషి ఇప్పుడు లేడు. వారసులు ఇల్లు అమ్మేశారు. ఆ జాగాలో నాలుగంతస్తుల బిల్డింగు లేచింది, కింద షట్టర్లు. అమ్మినవాళ్ళకు అప్పులున్నాయి, కొన్నవాడికి వ్యాపారం వుంది. ఎవరి లెక్క వాళ్ళకుంది. ఆ గల్లీలో ఇంకా ఐదారు పాత ఇళ్ళు మిగిలి వున్నాయి. వానలు వస్తాయి, కాగితాలు మళ్ళీ బయలుదేరతాయి. కాగితం రాసేవాళ్ళకు మేము చెప్పేది ఇంతే: ముందు వచ్చి అడగండి. తర్వాత నోటీసు రాయండి.