పన్నెండో అంగం

గాజు జాడీని వెలుతురుకు ఎత్తిపట్టి చూపించాడు ఆపరేటరు. "అరగంటకు బురద అడుక్కి దిగల్ల సార్, పైన నీళ్లు తేటగుండల్ల. రంగు చాక్లెట్ మాదిరి ఉంటే మంచిది. నల్లబడితే గాలి అందలేదని లెక్క."

మా జిల్లాలోనే ఒక మురుగు శుద్ధి కేంద్రం అది. ఆ బురదలో బతికే సూక్ష్మజీవులే మురుగును తిని నీటిని తేరుస్తాయి. కరెంటు పోయి గాలిపంపు చాలాసేపు ఆగితే అవి చస్తాయి. మీటరు కంటే ముందు ఆ సంగతి ఆయన ముక్కుకు తెలుస్తుంది.

ఆయన కొడుకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. 2008లో మొదలైన ఆ విద్యాసంస్థతో కొండల నడుమ ఒక ఊరే లేచింది. ఊరన్నాక నీళ్లూ మురుగూ తప్పవు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని ప్రభుత్వ లెక్క. అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుంది. వెయ్యిమందికి లక్ష లీటర్ల పైమాటే. వాన కోసం మొగులు చూసే సీమలో అవి చెట్లకు మళ్లీ పారించాల్సిన నీళ్లు. ఆ వాన కూడా వస్తే ఒక్కసారే వస్తుంది. పూడిక తీయని కాలవ మురుగునూ వాననూ కలిపి వీధిలోకి తోస్తుంది.

నీళ్ల పనికి తెలిసిన మనిషి కావాలన్నది పాత మాటే. ఈ సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలంటుంది. రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు, చివరిది పని తెలిసిన కూలీల బృందం. రాయి, మట్టి, ఏరుతో పాటు మనిషినీ చెరువులో భాగంగానే లెక్కగట్టారు. మన టెండర్లలో పంపుకు గ్యారంటీ రాస్తాం. దాన్ని నడిపేవాడిది మాత్రం ఏడాదికోసారి మారే కాంట్రాక్టు.

మ్యాన్‌హోల్‌లోకి రక్షణ లేకుండా మనిషిని దించకూడదని 2013లో చట్టం వచ్చింది. అక్కడ చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. "కుళ్లిన గుడ్డు కంపు వచ్చినంతసేపు జాగ్రత్త పడతాం సార్. ఉన్నట్టుండి కంపు ఆగిందంటేనే గుండె జారేది," అన్నాడాయన. మురుగులో పుట్టే ఆ గ్యాస్ ముదిరితే ముందు చచ్చేది ముక్కే.

"మరి మీ వాడికి ఈ పని నేర్పిస్తారా?"

"వాడొద్దంటాడు. నేనూ వద్దనే అంటా."

"మీరు సెలవు పెడితే జాడీ చూసేదెవరు?"

ఆయన జాడీ కడిగి బోర్లించాడు. "మిషన్లున్నాయి గదా అంటారు సార్."