పెంకు వేయించే ముందు చెట్టు చూడండి

మా అన్నయ్య కొడుకు ఉద్యోగం హైదరాబాద్‌లో. అంబాజీపేట దగ్గర తాతల నాటి స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవాలని ముచ్చట పడుతున్నాడు. "పెంకుటిల్లే కడదాం బాబాయ్, చల్లగా ఉంటుంది" అన్నాడు. నేనూ పెంకు పక్షమే. తీరా స్థలం చూస్తే గట్టంతా కొబ్బరి చెట్లు, రెండు స్థలంలోకే ఒరిగి ఉన్నాయి. వెంట వచ్చిన తాపీ మేస్త్రీ తలెత్తి చూసి, "ఆయ్, చెట్లయినా తీయించండి, శ్లాబైనా వేయించుకోండి" అనేశాడు.

కోనసీమలో పెంకుని వానకన్నా ముందు కొబ్బరికాయే చంపుతుంది. అంత ఎత్తునుంచి ఎండుకాయ రాలితే పెంకు నిలవదు. పగిలిన సంగతి కిందివాళ్లకి తెలియదు. జోరున వాన పడ్డ రాత్రి వాసం పక్కన తడిమరక తేలుతుంది. దాన్ని ఆ వారంలో చూసుకోకపోతే వాసం నానుతుంది, తర్వాత చెదలు. కోతుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అయినా పెంకుని తీసిపారేయలేం. మన ఒండ్రునేలలో పునాది తవ్వితే చాలాచోట్ల కాస్త లోతుకే నీరు, అందుకే కప్పు ఎంత తేలికైతే అంత మేలు. 100 చదరపు అడుగులకి మంగళూరు పెంకు దాదాపు 150 పడతాయి, ఒక్కోటి రెండున్నర కిలోలు అటూ ఇటూ. కర్ర కాక నాలుగు వందల కిలోల లోపే. అదే మేర నాలుగంగుళాల శ్లాబు రెండు టన్నులు దాటుతుంది. పైగా రోహిణి ఎండని పొద్దంతా తాగిన శ్లాబు రాత్రి మన మీదే కక్కుతుంది. పెంకు సందుల్లోంచి వేడి పైకి పోతుంది. ఈ సుగుణం గూనపెంకుకీ ఉండేది కానీ దాన్ని ఏటా తిరగనేయించాలి. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు ఫ్యాక్టరీ పెట్టి మరమీద అచ్చొత్తిన పెంకు వచ్చాక ఆ పని తగ్గింది. తగ్గింది, పోలేదు.

ఇప్పుడు ఏటవాలు శ్లాబు పోసి, దానిమీద పెంకు అతికిస్తున్నారు. ఫొటోకి బాగుంటుంది. బరువు శ్లాబుదీ, ఖర్చు రెండింటిదీ. నాకు ససేమిరా నచ్చదు.

1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లు శ్లాబే కావాలంటే తప్పుపట్టలేను. పెంకు వేసుకునేవాళ్లు చూరు వరసనీ కొప్పునీ గట్టిగా బిగించాలి. గాలి చూరు కిందే మొదట దూరుతుంది. నాలుగు వైపులా వాలున్న కప్పు గాలికి తట్టుకున్నట్టు రెండు వాలులది తట్టుకోదు. వాలు రెండడుగులకి ఒక అడుగుకి తగ్గకూడదు. తగ్గితే గాలివానకి నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. సముద్రం దగ్గరైతే ఇనప పైపులకన్నా ముదురు తాటి వాసాలే నయం, ఉప్పుగాలికి తుప్పు పట్టవు.

ఇవన్నీ చెప్పి మావాణ్ణి ఒక్కటే అడిగాను. "నువ్వొచ్చేది సంక్రాంతికి. కప్పెక్కి చూడాల్సింది మృగశిరకి ముందు. ఎవరెక్కుతారురా?" వాడు కాసేపు నసిగి, ఇంటికి శ్లాబు, చెట్లు లేని తూర్పు వైపు వసారాకి మాత్రం పెంకు అన్నాడు. సరే అన్నాను. పాత ఇళ్లు విప్పిన పెంకు దొరుకుతోంది. ఒక్కోటీ వేలితో కొట్టి, కంగుమన్నదే తీసుకోమన్నాను. ఒకే ముద్ర ఉన్నవి ఏరి, ఓ పాతిక ఎక్కువే కొనాలి. ఒక కంపెనీ పెంకు గాడిలో ఇంకో కంపెనీది సరిగా కూర్చోదు.