పులిజూదానికి ముఖచిత్రం

పులిజూదం మనవారు రాతి అరుగులపై గీతలు గీసి ఆడిన వ్యూహక్రీడ. 3 పులులు, 15 మేకలు, 23 బిందువులు. పులి మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దానిని చంపుతుంది. మేకలు పులులను కదలనీయక కట్టివేస్తాయి. ఈ ఆటకు నేడు సెల్‌ఫోన్ రూపాలు కూడ ఉన్నవి. ప్రకటనలకు డబ్బులేని చిన్న నిర్మాతకు ఫోన్ అంగడిలో కనిపించే బొమ్మ, దాని క్రింది వాక్యమే దండోరా.

ఆ బొమ్మ ఎట్లుండవలెను? గర్జించే పులిముఖం గీయడం సులభం. 2012లో వచ్చిన ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’కు అరచుచున్న యోధుని ముఖమే గుర్తు. కాని ఆ ముఖాన్ని లోకం ఎరుగును. పేరులేని ఆటకు ఉత్త పులిముఖం పెట్టినచో, చూచినవారు వేట ఆట అనుకొందురు. మేకలు కూడి గెలువగలవన్న అసలు సంగతి మరుగున పడును.

పోనీ, పటమంతా గీతమా? గూగుల్ ప్లే కోరే ఐకాన్ 512 పిక్సెళ్ల చతురస్రమైనా, తెరపై వేలిగోరంతే అగుపించును. ఒక అడ్డగీతపై 6 బిందువులున్నవి. సెంటీమీటరులో ఇమిడ్చితే వాటి నడుమ ఎడం 2 మిల్లీమీటర్లే. అందులో పులి యేదో, మేక యేదో తెలియదు.

కనుక ఒక్క గీత చాలును: ఒక పులి, ఎదుట ఒకదాని వెనుక ఒకటిగా రెండు మేకలు. వెనుక మేక ఉన్నందున పులి దూకలేదు. ఆట మర్మమంతా అదే.

వాక్యానికి హద్దు 80 అక్షరాలు. ‘అద్భుతం’, ‘ఉత్కంఠభరితం’ ఏ ఆటకైనా అతుకును. ‘మూడు పులులు, పదిహేను మేకలు: మీరెటువైపు?’ అన్నది ఈ ఆటకే చెల్లును.